మాకు పైరవీ వద్దు, ప్రశ్న అడగండి: ఉమ్మడి వరంగల్ ఎమ్మెల్యేలకు ఒక గిర్ని యజమాని బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి అసెంబ్లీకి వెళ్లిన 12 మంది ఎమ్మెల్యే గార్లకు నమస్కారం.

ఏ పార్టీ అని చూడకుండా అందరికీ కలిపే రాస్తున్నాను. నేను అడగబోయే పని అధికార పక్షంలో ఉన్నా చేయొచ్చు, ప్రతిపక్షంలో ఉన్నా చేయొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.

నేను వరంగల్‌లో కరీమాబాద్ వైపు ఒక గిర్ని నడుపుతాను. పిండి, పసుపు, కారం పడతాం, కొంత కారం, పసుపు పావుకిలో, అరకిలో ప్యాకెట్లు చేసి చుట్టుపక్కల కిరాణాలకు వేస్తాం. మా వారు పోయి తొమ్మిదేళ్లు, అప్పటి నుంచి నేనే చూసుకుంటున్నాను, తోడుకు ఒక అబ్బాయి ఉన్నాడు. ఎండాకాలం వచ్చిందంటే ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనుక్కొని, మిద్దె మీద ఎండబెట్టి, తొడిమెలు తీసి సంచులతో తెచ్చేవాళ్లు పొద్దున్నే వరుస కడతారు. ఆ మూడు నెలలే మాకు పంట. మిగతా ఏడాది అంతా ఆ మూడు నెలల మీద బతకాలి. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను రాసేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: చిన్న దుకాణందారుకు ఒక పూట అంటే ఎంత విలువో, ఆ పూటను ప్రభుత్వం ఎంత తేలిగ్గా తీసుకుంటుందో.

రెండేళ్ల కింద నా లైసెన్స్ రెన్యువల్ ఆగిపోయింది. ఏ ఆఫీసో రాయను, ఎవరినీ ఇబ్బంది పెట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. కారణం ఏంటంటే ఇంటి పన్ను రసీదులో కొత్త డోర్ నంబర్ ఉంది, లైసెన్స్‌లో పాతది ఉంది. నంబర్ మార్చింది నేను కాదు. అయినా రెండూ ఒకటే జాగ అని నిరూపించాల్సింది మాత్రం నేను. ఐదు సార్లు తిరిగాను. ఒకసారి సార్ లేడు, ఒకసారి సర్వర్ పని చేయలేదు, ఒకసారి ఫోటోలో బోర్డు సరిగ్గా కనపడటం లేదన్నారు. తిరిగిన ప్రతిసారీ గిర్ని షట్టర్ దించి పోవాలి, ఎందుకంటే మిర్చి పట్టేటప్పుడు కొత్త అబ్బాయి చేతికి మిషన్ వదిలితే రాయి వేడెక్కి కారం రంగు మాడిపోతుంది. ఆరోసారి పోవాల్సిన రోజు మా మరిది తనకు తెలిసిన ఒక నాయకుడితో ఫోన్ చేయించాడు. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. నిజం చెప్తున్నా, ఆ రోజు నాకు చాలా సంతోషమైంది, ఇంటికి వస్తూ మిఠాయి కూడా కొన్నాను.

వారం తర్వాత మా గల్లీ చివర బండి మీద మిర్చి బజ్జీలు వేసి, వెనక చిన్న గది అద్దెకు తీసుకున్న అక్క వచ్చింది. ఆమెకూ అదే డోర్ నంబర్ పేచీ. "నీకెవరు చేసిపెట్టిండ్రు చెల్లే, నాకూ ఒక మాట చెప్పవా" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నాకు మరిది ఉన్నాడు, ఆమెకు లేడు, అంతే తేడా. ఆ రోజు నుంచి నాకు ఆ ఫోన్ గురించి తల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది. మీ ఇంటి ముందు, మీ క్యాంప్ ఆఫీసుల ముందు పొద్దున్నే నిలబడేవాళ్లలో సగం మంది ఇలాంటి పనుల మీదే వస్తారని మీకు నాకన్నా బాగా తెలుసు. ఒక్కొక్కరికి ఒక్కో ఫోన్ చేస్తూ పోతే మీ జీవితకాలం సరిపోదు. డోర్ నంబర్లు మార్చినప్పుడు పాత లైసెన్సులకు ఆ మార్పు దానంతట అదే ఎందుకు పోదు అని సభలో ఒక్క ప్రశ్న అడిగితే రాష్ట్రమంతా ఆ అక్కలాంటి వాళ్లకు దారి దొరుకుతుంది. అందుకే అంటున్నా, మాకు పైరవీ వద్దు. ప్రశ్న అడగండి.

ఇంక నా గోడ సంగతి చెప్తాను. గిర్నిలో కల్లాపెట్టె వెనక గోడకు ఫ్రేములు ఉన్నాయి: ట్రేడ్ లైసెన్స్, జీఎస్టీ కాయితం, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్, 1988 నాటి దుకాణాల చట్టం కింద లేబర్ ఆఫీసు సర్టిఫికెట్, వృత్తి పన్ను రసీదు, చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్, తూనికలు కొలతల వాళ్లిచ్చిన కాయితం. వాటి అద్దాల మీద రోజూ కారం దుమ్ము పేరుకుంటుంది, ఎవరైనా అధికారి వస్తున్నాడని తెలిస్తే ముందు తడిగుడ్డతో వాటిని తుడుస్తాను. ఒక్కోదానికి ఒక్కో తేదీ. ట్రేడ్ లైసెన్స్ మార్చి 31తో అయిపోతుంది, సరిగ్గా మా సీజన్ నడిమధ్యలో. కాటాకు ఏడాదికోసారి ముద్ర వేయించాలి. కాటా పక్కన సన్నని తీగకు సీసం బిళ్ల ఉంటుంది చూడండి, దాని మీద ఏ ఏడాది, అందులో ఏ మూడు నెలల్లో వేశారో తెలిసేలా గుర్తు ఉంటుంది. ఆ బిళ్ల తెగిపోకుండా చూసుకోవడం మాకు చిన్నపిల్లను చూసుకున్నట్టే, ఎందుకంటే తెగితే ఎలా తెగిందని అడగరు, ముందు జరిమానా రాస్తారు.

పోయిన ఆర్థిక సంవత్సరం నేను ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. కాయితాల పని మీద 17 సార్లు బయటికి పోయాను, అందులో 11 సార్లు గిర్ని మూసి పోయాను. ఫీజులన్నీ కలిపినా పెద్ద మొత్తం కాదు. నేను 2018లో ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకున్నప్పుడు 12 లక్షల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకు ఫీజు ఏడాదికి 100 రూపాయలే, కానీ ఆన్‌లైన్‌లో నాకు చేతకాక ఆ 100 రూపాయల పనికి బయట 1,500 ఇచ్చాను. ఆ 1,500 మీ ఏ లెక్కలోనూ కనపడదు. మూసిన 11 పూటలూ కనపడవు. సంచి పట్టుకొని వచ్చి షట్టర్ చూసి వెనక్కి పోయిన మనిషి ఇంకో గిర్నికి పోతాడు, మళ్లీ రాడు, అదీ కనపడదు. ప్రభుత్వం తన ఖజానాకు ఎంత వచ్చిందో రాసుకుంటుంది గానీ, అది రాబట్టడానికి అవతలి మనిషికి ఎంత పోయిందో రాసుకోదు.

నియమాలే వద్దని నేను అనడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. కారంలో రంగు కలిపే వాళ్లున్నారు, ఇటుక పొడి కలిపిన వాళ్ల సంగతి విన్నాం, కాటాలో మోసం చేసే వాళ్లున్నారు. వాళ్లను పట్టుకోకపోతే ముందు నష్టపోయేది నాలాంటి వాళ్లమే, ఎందుకంటే రంగు కలిపిన కారం ఎర్రగా నిగనిగలాడుతుంది, ధర తక్కువ, దాని పక్కన అసలు కారం వెలవెలపోతుంది. ఒకసారి ఒక ఫుడ్ ఇన్‌స్పెక్టర్ గారు మా గిర్నికి వచ్చి, మా కళ్ల ముందే శాంపిల్ తీసి, సీలు వేసి, నా సంతకం తీసుకొని పోయారు. ఫ్రేములు చూడలేదు, కారం చూశారు. నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. అలాంటి తనిఖీ నెలకోసారి వచ్చినా నాకు అభ్యంతరం లేదు. సరుకును పరీక్షించే ల్యాబులకు, మనుషులకు ఎంత ఖర్చు పెడుతున్నారు, ఏడాదికి జిల్లాలో ఎన్ని శాంపిళ్లు తీస్తున్నారు, రిపోర్టు ఎన్ని రోజులకు వస్తోంది? ఇది సభలో అడగండి. కాయితం చూసే తనిఖీ ఎంత, సరుకు చూసే తనిఖీ ఎంత అని విడదీసి అడగండి.

ట్రేడ్ లైసెన్స్ ఫీజు లెక్క కూడా ఒక్కసారి చూడండి. దుకాణం ఎన్ని చదరపు అడుగులు, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, ఈ రెంటి మీద లెక్క కడతారు. నా గిర్నికి మిషన్లు పెట్టడానికి, సంచులు దించడానికి, పట్టిన కారం చల్లారబెట్టడానికి జాగ కావాలి, అది 400 అడుగులు దాటుతుంది. 150 అడుగుల నగల దుకాణానికి నాకన్నా తక్కువ పడుతుంది. రోడ్డు వెడల్పు చేస్తే నా ఫీజు పెరుగుతుంది, అదే వెడల్పులో నా ముందున్న అరుగు పోయి, బండి ఆపే చోటు లేక గిరాకీ తగ్గుతుంది. జాగను బట్టి ఫీజు వేసినవాళ్లు మోసం చేయాలని వేయలేదు, సులువుగా కొలవగలిగేది కొలిచారు, అంతే. ఆ కొలత ఎవరి మీద ఎలా పడుతుందో చూడాల్సింది మీరు. మీలో నగరం పరిధి ఉన్నవాళ్లు కార్పొరేషన్‌లో ఎక్స్ అఫీషియో సభ్యులు కూడా, అంటే ఎమ్మెల్యే హోదాతోనే మీకూ అక్కడ కుర్చీ ఉంది.

అన్నిటికన్నా నాకు మింగుడు పడనిది జీఎస్టీ పరిమితి. 2019 ఏప్రిల్ 1 నుంచి సరుకులు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితిని 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచారు, పెంచుకోవాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. ఆంధ్రప్రదేశ్ పెంచుకుంది. మన తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగిపోయింది. ఏడాదికి 20 లక్షలంటే రోజుకు దాదాపు 5,500 రూపాయల అమ్మకం, లాభం కాదు, అమ్మకం. నూనె ప్యాకెట్లు, చక్కెర, బియ్యం అమ్మే ఒక మామూలు కిరాణం ఆ గీత ఇట్టే దాటేస్తుంది, అందులో మిగిలేది ఎంతో మీ ఇంటి పక్క కిరాణం సేటును అడగండి. సత్తుపల్లిలో కిరాణానికి ఒక లెక్క, సరిహద్దు అవతల తిరువూరులో కిరాణానికి ఇంకో లెక్క. నెలకో మూణ్నెల్లకో రిటర్ను వేయాలి, అమ్మకం ఏమీ లేకపోయినా వేయాలి, మరిచిపోతే ఆ ఖాళీ రిటర్నుకు కూడా రోజుకు 20 రూపాయల లేట్ ఫీజు, పైగా ఆడిటర్‌కు నెల నెలా ఇచ్చేది వేరే. పరిమితి పెంచితే ఆదాయం పోతుందన్న భయం ప్రభుత్వానికి ఉండొచ్చు, ఆ భయం తప్పని నేను అనను. కానీ 20 నుంచి 40 లక్షల మధ్య ఉన్న వ్యాపారుల నుంచి రాష్ట్రానికి ఏడాదికి ఎంత వస్తోంది, వాళ్ల ఫైళ్లు చూడటానికి ఎంత ఖర్చవుతోంది అన్న లెక్క సభ ముందు పెట్టమనండి. ఎక్కువే వస్తోందని తేలితే నేను ఒప్పుకొని ఊరుకుంటాను. లెక్క చెప్పకుండా ఇన్నేళ్లు గడవడమే నాకు బాధ.

ఇప్పుడు ఖర్చు వైపు వస్తాను. మన రాష్ట్రం 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. ఆ అంకె నా ఊహకు అందదు, కాబట్టి నాకు అందే అంకె చెప్తాను: 38,600 రూపాయలు. ఒక ప్రభుత్వ హాస్టల్‌కు కారం, పసుపు, ధనియాల పొడి ఇచ్చిన బిల్లు అది. పిల్లలు తినేది కదా అని మంచి సరుకే ఇచ్చాను. బిల్లు పెట్టారు, పాసైంది, ట్రెజరీలో టోకెన్ పడింది, అంటే పైసలు వచ్చే వరుసలో ఒక నంబర్. టోకెన్ నంబర్ ఒక చిట్టీ మీద రాసిచ్చారు, అది నా పర్సులో పద్నాలుగు నెలలు ఉంది, మడతల దగ్గర చిరిగిపోతే టేపు వేశాను. వార్డెన్ గారు మంచి మనిషి, ఆయనకే మొహం చెల్లక రెండుసార్లు తన జేబులోంచి రెండేసి వేలు ఇవ్వబోయారు, నేను తీసుకోలేదు. ఆ పద్నాలుగు నెలలు నేను మిర్చి కొన్నది అప్పు మీద, నూటికి రెండు రూపాయల మిత్తికి. అంటే పిల్లల కూరలో కారానికి మిత్తి కట్టింది నేను.

చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం నాలాంటి చిన్న తయారీదారు సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజుల లోపు పైసలు ఇవ్వాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు లెక్కగట్టి నెల నెలా చక్రవడ్డీ కట్టాలి. కొనేది ప్రభుత్వమైనా ఇదే చట్టం. ఫిర్యాదు చేయడానికి ఒక కౌన్సిల్ కూడా ఉంది. చట్టం ఎంత బాగుందో చూడండి. కానీ ఆ హాస్టల్ మీద నేను కౌన్సిల్‌కు పోతే వచ్చే ఏడాది ఆర్డర్ నాకు వస్తుందా? ఎవరూ పోరు. నేను ఒక రోజు ఆలస్యంగా కడితే లేట్ ఫీజు దానంతట అదే పడుతుంది, ప్రభుత్వం 14 నెలలు ఆలస్యం చేస్తే వడ్డీ కోసం నేను కేసు వేయాలి. ఇంత తేడా ఎందుకు? మీ జిల్లాలో చిన్న సరఫరాదారులకు, చిన్న కాంట్రాక్టర్లకు, పనులు చేసి అప్పులపాలైన మాజీ సర్పంచులకు ఇవ్వాల్సిన బిల్లులు ఎన్ని, 45 రోజులు దాటినవి ఎన్ని, టోకెన్లు ఏ వరుసలో తీస్తున్నారు, లక్ష లోపు బిల్లులు ముందు ఎందుకు తీయరు అని అడగండి. ముఖ్యంగా వరుస గురించి అడగండి. రేషన్ షాపులో కూడా వరుస ఉంటుంది, టోకెన్‌కు లేకపోతే ఎలా?

మా గల్లీలో మురుగు కాలువ పని మొదలుపెట్టి గిర్ని ముందు తవ్వి వదిలేశారు, అదీ మిర్చి సీజన్‌లో. 40 రోజులు జనం చెక్క పలక మీద నడిచి వచ్చారు, ఒక ముసలాయన సంచితో సహా జారి పడ్డాడు. ఏ పథకం కింద పని, ఎంత మొత్తం, ఎప్పటికి అవ్వాలి అని రాసిన బోర్డు లేదు. ఎవరిని అడగాలో తెలియదు. అది నేను సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి 30 రోజులు ఎదురుచూసి తెలుసుకోవాల్సిన సంగతి. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో మన ఊరి పేరు వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. కేంద్రం ఒక్కో నగరానికి 500 కోట్ల దాకా ఇస్తుంది, రాష్ట్రం, కార్పొరేషన్ అంత కలపాలి అన్నారు. ఐదేళ్ల మిషన్‌ను పొడిగించుకుంటూ పోయి 2025 మార్చి 31తో ముగించారు. ఎంత వచ్చింది, ఎంత కలిపారు, దేనికి పెట్టారు, ఏది మిగిలిపోయింది అన్న పూర్తి లెక్క మీలో ఒక్కరైనా సభలో అడిగి, తెలుగులో మా ముందు పెట్టాలని కోరుకుంటున్నాను. 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి హన్మకొండలో దుకాణాలు మునిగాయి, మళ్లీ 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను వానకు నగరం నీళ్లలో ఉంది. రెండు వరదల మధ్య నాలాల మీద ఎంత ఖర్చయింది, ఎక్కడ అయింది అని ప్రశ్నించడం విమర్శ కిందికి రాదు. మునిగిన దుకాణం వాడికి అది తెలియాలి.

మా తాత ఆజంజాహి మిల్లులో పని చేశాడు. 1934లో పెట్టిన మిల్లు, దాని సైరన్ విని ఊరు లేచేదని చెప్పేవాడు. ఆ మిల్లు మూతపడిన సంగతి అందరికీ తెలుసు, దాని మీద ఎన్నో రాశారు, ఎన్నో మీటింగులు పెట్టారు. గిర్ని మూతపడితే ఎవరికి తెలుస్తుంది? కొత్తవాడలో ఒక మగ్గం ఆగిపోతే, ఒక టైలర్ షట్టర్ దించేసి వాచ్‌మన్ ఉద్యోగానికి హైదరాబాద్ పోతే ఏ లెక్కలో వస్తుంది? మన దర్రీలకు 2018లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకే అన్న గుర్తింపు వచ్చింది, 2017లో టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది, రెండూ మంచివే. పెద్ద కంపెనీలకు ఇచ్చిన భూమి, రాయితీలు ఎంత, వాటితో మన పిల్లలకు వచ్చిన ఉద్యోగాలు ఎన్ని అన్న లెక్కతో పాటు, ఈ జిల్లాలో ఏడాదికి ఎన్ని ట్రేడ్ లైసెన్సులు రెన్యువల్ కాకుండా ఆగిపోయాయో కూడా అడగండి. ఆ రెండో అంకె కార్పొరేషన్ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదేమో అని నా అనుమానం.

మీకు సమయం తక్కువని తెలుసు. సభ ఏడాదికి కొన్ని రోజులే జరుగుతుంది, పద్దుల మీద మాట్లాడటానికి మీకు నిమిషాల్లో సమయం ఇస్తారు, అందులోనూ అరుపులు కేకలు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చే నివేదికలు చాలాసార్లు సమావేశాల చివరి రోజున పెడతారు, చదివేలోపే సభ వాయిదా పడుతుంది. కానీ మైకు ఇవ్వకపోయినా నక్షత్రం గుర్తు లేని ప్రశ్న రాసి ఇవ్వొచ్చు కదా, దానికి రాతపూర్వక జవాబు వస్తుంది కదా. ప్రజా పద్దుల కమిటీలో, అంచనాల కమిటీలో ఉన్నవాళ్లు అధికారులను పిలిచి కూర్చోబెట్టి అడగొచ్చు. టీవీలో రాదు, చప్పట్లు కొట్టరు, ఆ సంగతీ తెలుసు. మేం చూస్తాం. చిన్న వ్యాపారులం ఓట్ల లెక్కలో ఏ కులం కిందా, ఏ సంఘం కిందా ఒక గుంపుగా కనపడం, అయినా ఏ ఊరికి పోయినా ఉంటాం.

కొత్త నియమం మీ ముందుకు వచ్చినప్పుడు ఒకటే అడగమని నా మనవి: ఒంటరిగా దుకాణం నడిపే మనిషి దీని కోసం ఎన్ని పూటలు షట్టర్ దించాలి? అధికారి దగ్గర జవాబు లేకపోతే, జవాబు తెచ్చేదాకా చేయి ఎత్తకండి.

నా నోటుబుక్కు, టేపు వేసిన టోకెన్ చిట్టీ గిర్నిలోనే ఉన్నాయి. మీలో ఎవరొచ్చినా చూపిస్తాను, ముందుగా కబురు చేయాల్సిన పని లేదు, పొద్దున ఏడింటికే తీస్తాను. పైన రాసిన వాటిలో ఒక్క ప్రశ్న మీరు సభలో పెట్టినా, వచ్చిన జవాబు కాయితం ఒక జిరాక్స్ మాకు పంపండి. ట్రేడ్ లైసెన్స్ పక్కన ఫ్రేము కట్టి పెడతాను, సంచులతో వరుసలో నిలబడ్డవాళ్లు చదువుకుంటారు. బజ్జీల అక్కకు చదువు రాదు, ఆమెకు నేను చదివి చెప్తాను.

ఇట్లు,
వరంగల్ నుంచి ఒక గిర్ని యజమాని